దెతెలీనా ముఖం ఇప్పించమని

బిసేర్ టెలివిజన్, పాత కార్యక్రమాల శాఖ అధికారి గారి సముఖమునకు,
సోఫియా.

అయ్యా,

విషయం: నా భార్య, దివంగత దెతెలీనా మింకోవా కనిపించే దృశ్యమొకటి నూతన సంవత్సర రాత్రి ప్రసారం నుండి తొలగించుట, ఆమె ముఖచిత్రం ఒకటి ఇప్పించుట గురించి.

లోవెచ్ పట్టణ నివాసి, పాలకేంద్రంలో పనిచేసి విరమించిన రాంగెల్ మింకోవ్ అను నేను విన్నవించుకొనునది:

1. నా భార్య పెళ్ళికి ముందు తమ 'శనివారం సందడి'లో వ్యాఖ్యాత పక్కన నిలబడేది. ఆమె పేరు ఎన్నడూ తెర మీద వేయలేదు. 'మా బొమ్మ' అనేవారు. ఒకసారి ఆయన నల్లబల్ల పెట్టించి "ఏడు ఎనిమిదులు ఎంత, బొమ్మా?" అని అడగగా, తమవారు రాసిచ్చిన ప్రకారం ఆమె "తొంభై!" అన్నది. "అది నీ తుంటి కొలతే పిల్లా!" అంటూ ఆయన టేపు తీసి అందరి ముందూ కొలిచాడు. ఆ తునకనే ప్రతి సంవత్సరాంతాన తాము చూపుతున్నారు.

2. ఆమె లెక్కల టీచరు పరీక్ష ప్యాసైన మనిషి. ఇక్కడి ఒక బడిలో ఉద్యోగం అడగగా ప్రధానోపాధ్యాయుడు, "నువ్వు బల్ల దగ్గరికి వెళ్తే పిల్లలు నవ్వకుండా ఉంటారటమ్మా?" అని పంపేశాడు. తర్వాత జీవితమంతా కుట్టుమిషను మీద గడిపింది. ఏడో తరగతితో చదువు ఆగిన నాకు పద్దులు రాయడం నేర్పింది ఆమే.

3. మాంసం కొట్టు స్టామెన్ ఆమెను చూస్తే చాలు, "ఏడు ఎనిమిదులు ఎంత, దెతెలీనా? చెప్తే కార్జం ఊరికే ఇస్తా!" అనేవాడు. "తొంభై. నువ్వు తూకం సరిగ్గా వెయ్యి చాలు," అనేది. కొట్టంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చాక తిన్నగా మిషను దగ్గర కూర్చునేది.

4. ఆసుపత్రిలో చివరి వారం, స్పృహ ఉందో లేదో చూడడానికి నర్సు, "అమ్మా, ఏడు ఎనిమిదులు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, ఆ పిల్లకు ఆ కార్యక్రమం సంగతే తెలియదు. నా భార్య కళ్ళు తెరవకుండానే "తొంభై" అన్నది. నర్సు కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళింది. "అలా ఎందుకన్నావే?" అని అడిగాను. "అది చెప్తే గానీ ఎవరూ పోరు రాంగెల్," అన్నది. అప్పటికి ఆమె నడుము నా రెండు చేతుల్లో ఇమిడేది.

5. మా ఊళ్ళో అందరిలాగే నలభయ్యో రోజున మరణ ప్రకటన అచ్చువేయించి తలుపుకూ బస్సు స్తంభానికీ అంటించాను. బొమ్మ పెట్టలేదు, ఎందుకంటే లేదు. టెలివిజన్ వదిలాక ఆమె ఫొటో దిగలేదు, పెళ్ళిలో కూడా. "నన్ను చూసింది చాలు," అనేది. మర్నాటికి స్తంభం మీది కాగితంలో ఆమె పేరు కింద ఎవరో పెన్నుతో 90 అని రాశారు.

6. జనవరి రెండుకు ఆమె పోయి ఏడాది. కొత్త ప్రకటన వేయించాలి. పక్కింటి యోంకా పిన్ని, "ఈసారైనా ముఖం పెట్టరా నాయనా. ముఖం చూస్తే రాయడానికి చెయ్యి రాదు," అన్నది. కానీ దానికి రెండు రాత్రుల ముందే తాము ఆ తునక వేస్తారు. ఊరంతా పండగ రొట్టె బానిత్సా తింటూ చూస్తుంది. ఆ తర్వాత రెండో తేదీ పొద్దున నేను ప్రకటన అంటించాలి.

కావున ఆ తునక ఈ ఏడు వేయవద్దని నా మొదటి మనవి.

రెండవది. అదే దృశ్యంలో కొలత అయిపోయి వ్యాఖ్యాత వాద్యగాళ్ళ వైపు తిరిగినప్పుడు, కెమెరా పొరపాటున ఆమె మీద ఆగుతుంది. తనను చూస్తున్నారని ఆమెకు తెలియదు. నవ్వు తీసేసి పక్కకు చూస్తూ ఉంటుంది. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగకుండా కాచుకునే ముఖం అది. మా వంటింట్లో రోజూ చూసిన ముఖం. ఆ ఒక్క చిత్రం ఇప్పించగలరు.

దయతో ఈ రెండు మనవులను చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
రాంగెల్ మింకోవ్

తా.క. చిత్రం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే, దాన్ని మరొక్కసారి చూడనిచ్చినా చాలు, సోఫియాకు నేనే వస్తాను. ఈమధ్య కళ్ళు మూసుకుంటే ఆమె నాకు కూడా తమ కెమెరాలో వచ్చినట్టే వస్తోంది, కాళ్ళ దగ్గర మొదలై. ముఖం దాకా రాకముందే జనం నవ్వుతారు.