మరో రెండేళ్ళ పూచీ

కింగ్యూసీ,
అక్టోబరు మొదటి ఆదివారం

ప్రియమైన ఎఫీ వదినకి,

మీరు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. మీ తమ్ముడు వాటిని వేసుకుని ఇంట్లో మహారాజులా తిరుగుతున్నాడు. నాకు అల్లినవి కాస్త బిగుతుగా ఉన్నాయి కానీ చలికి బాగానే పనికొస్తాయి. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకోకండి. ఫోన్లో మీకు సరిగా వినబడదు, నేను గొంతు పెంచాలి, పెంచితే పక్కగదిలో ఉన్న మీ తమ్ముడు లాక్లన్ చెవిన పడుతుంది. అతనికి తెలియకుండా మీతో ఒక మాట చెప్పుకోవాలి.

ముందు కారు సంగతి చెప్తాను. మా ఇంట్లో ఈమధ్య ఎక్కడ మొదలుపెట్టినా మాట అక్కడికే వస్తోంది. వచ్చే నెలాఖరుకి కంపెనీ ఇచ్చిన వారంటీ అయిపోతుంది. డబ్బు కట్టి ఇంకో రెండేళ్ళు పొడిగించుకోవాలా వద్దా అన్నది తేలడం లేదు. కారు కొన్న కొత్తలో మీరే దెప్పారు, వంతెనల పగుళ్ళు చూసుకునే ఇంజనీరుకి పందెపు గుర్రం ఎందుకురా అని. చూడ్డానికి నాలుగు తలుపుల మామూలు కారే, ముందు మూత ఎత్తితే తెలుస్తుంది దాని సంగతి. రోజూ కనుమ దాటి పెర్త్ దాకా వెళ్ళి రావాలి కదా, మంచులో కూడా పట్టు తప్పకుండా నిలబడుతుందని కొన్నాడు. అంత బలమున్న కారులోనూ లారీ వెనకాల బుద్ధిగా పోతాడు, దారి పొడుగునా కెమెరాలు వేగం లెక్కగడుతుంటాయి మరి. రోడ్డు రెండు వరసలయ్యే చోట మాత్రం కాలు కాస్త నొక్కుతాడు. లారీ అమాంతం వెనకబడిపోతుంది. ఆ ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా వెలిగిపోతాడు.

వారంటీ షరతులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి వదినా. గేర్ బాక్సు, టర్బోలు పాడైతే వాళ్ళే బాగుచేయిస్తారు. బ్రేకులు, టైర్లు అరిగితే మన తిప్పలు మనవే. సర్వీసు ఒక్కసారి ఆలస్యమైనా మొత్తం చెల్లదు. మాలా రోజూ దూరం తిరిగేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ కట్టమంటారు. భోజనం దగ్గర కూర్చోగానే అడుగుతాడు, “తీసుకుందామంటావా?” అని. తీసుకో, నీకు మనశ్శాంతిగా ఉంటుంది అంటాను. సరే అని తల ఊపుతాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత నాన్చలేదు ఈ మనిషి.

ఇక అసలు సంగతి. కిందటి ఆదివారం ఇద్దరం పిట్లోక్రీ వెళ్ళి తిరిగొస్తున్నాం. రెండు వరసలు కలిసి మళ్ళీ ఒకటయ్యే చోటు వస్తోంది, మేము కుడి వరసలో ఉన్నాం. ఎడమకి రమ్మని రోడ్డు మీద బాణాలు కనిపిస్తున్నాయి. కారు మాత్రం ఎడమకి రావడం లేదు. ఏమిటా అని అతని మొహం చూశాను. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, కాలు నొక్కే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. మనిషి లేడు వదినా. పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి. పిలిచాను, పలకలేదు. ఎదురుగా లైట్లు వస్తున్నాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే స్టీరింగ్ పట్టుకుని నా వైపు లాగేశాను. పక్కన లారీవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. కాసేపటికి మీ తమ్ముడు నా వైపు తిరిగి, చెయ్యి తియ్యి, ఏం చేస్తున్నావు నువ్వు అని కసిరాడు. జరిగింది చెప్తే, ఏదో వంతెన గురించి ఆలోచిస్తున్నానన్నాడు.

ఇప్పటి కార్లు గీతలు చూసుకుని వాటంతటవే కొంత సర్దుకుంటాయి. అతను ఒక్కడే వెళ్ళే దారిలో ఆ కారు ఇంతకుముందు ఎన్నిసార్లు అలా నెట్టుకొచ్చిందో నాకేం తెలుసు? పొద్దున అతను గేటు దాటిన దగ్గర్నుంచి ఆఫీసు చేరానని మెసేజ్ వచ్చేదాకా నా చేతులకి పని సాగడం లేదు. డాక్టరుకి చూపించుకోమంటే వినడు. మీరు అన్నేళ్ళు నర్సుగా చేశారు. ఇది ఏమిటో నాకు చెప్పండి. భయపెట్టేదైనా సరే, దాచకండి.

మీ రోనా


కింగ్యూసీ,
అక్టోబరు చివర

వదినా,

మీ జవాబు చాలాసార్లు చదువుకున్నాను. అది నిద్రమత్తూ కాదు, పరధ్యానమూ కాదు, ఆ పెదవుల కదలిక మీరు వార్డులో చూసి చూసి ఉన్నదే అన్నారు. మూర్ఛల్లో ఇదొక రకమని, మందులతో చాలామందికి కుదుటపడుతుందని, కానీ డాక్టరు చెప్పే మొదటి మాట కారు ముట్టుకోవద్దనే అని రాశారు. లైసెన్సు ఆఫీసుకి ఆ సంగతి అతనే తెలియజేయాలట. అందుకే డాక్టరు గడప తొక్కడం లేదని నాకిప్పుడు అర్థమైంది. పెర్త్‌కి రైలుంది, నిజమే. కానీ అతని వంతెనలు రైలు ఆగే చోట ఉండవు. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఆ ఉద్యోగం లేకపోతే తను లేనట్టే అనుకునే మనిషి.

మీరు చెప్పినట్టే మెల్లగా కదిపి చూశాను. వచ్చే నెల చూద్దాం అన్నాడు. మొన్న బుధవారం వారంటీ ఇచ్చేముందు చేసే తనిఖీకి కారుని తీసుకెళ్ళాడు. కంప్యూటరు పెట్టి కింద నుంచి పైదాకా పరీక్షించారట. దానికి ఏ జబ్బూ లేదట రోనా అని చెప్పాడు ఇంటికొచ్చి. నాకు ఒళ్ళు మండింది. సూపు అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయాను. అతను వెనకాల రాలేదు.

అక్కడితో ఆగినా ఇంకొన్నాళ్ళు ఓర్చుకునేదాన్నేమో. అతని ఆఫీసులో కొత్తగా చేరిన కిర్‌స్టిన్ అనే అమ్మాయి పక్కనే న్యూటన్‌మోర్‌లో ఉంటుంది. కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. మంచు రోజుల్లో నువ్వు ఒక్కదానివే నడపకు, సోమవారం నుంచి నాతో వచ్చెయ్ అని మీ తమ్ముడు మాటిచ్చాడు. మనసు మంచిదే, ఎవరు కాదన్నారు? ఆ పిల్ల నిన్న అల్లం కేకు పట్టుకొచ్చి, మీ ఆయన్లాంటి జాగ్రత్తయిన మనిషి పక్కన కూర్చుంటే మా అమ్మకి కూడా దిగులుండదు అని చెప్పి వెళ్ళింది. నవ్వుతూనే పంపించాను. తలుపు వేసుకుని ఏడ్చాను.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. లైసెన్సు ఆఫీసుకి నేనే రాస్తాను. ఎవరైనా రాయొచ్చట, రాసింది ఎవరో వాళ్ళు చెప్పరట. వాళ్ళు చెప్పడం దేనికి, ఆ రోజు అతనితో కారులో ఉన్నది నేనొక్కదాన్నే. కట్టుకున్నవాడి మీద నేనే అర్జీ పెడుతున్నాను. తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఎలా తింటామో ఊహించుకోలేకపోతున్నాను. అతనంటే నాకు ప్రాణం వదినా, అది మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ పిల్లకి ఏమైనా జరిగితే నేను బతకలేను. శనివారం టపాలో వేసేస్తాను. వద్దనాలనుకుంటే ఈలోపే చెప్పండి.

దిక్కుతోచని
రోనా


రైల్లో, పెర్త్ దాటాక,
గురువారం

రోనా తల్లీ,

నువ్వు ఏమీ రాయొద్దు. రాసి ఉంటే పొయ్యిలో పడెయ్యి.

నీ ఉత్తరం చూడగానే మా ఊరు థర్సోలో రైలెక్కాను. ఇవాళ మధ్యాహ్నం పెర్త్‌లో వాడి ఆఫీసుకే వెళ్ళాను. నన్ను చూసి వాడి మొహం పాలిపోయింది, ఎవరో పోయారనుకున్నాడు పాపం. కింద క్యాంటీన్లో కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేశాను. “శనివారంలోపు నువ్వే చెప్పు లాక్లన్. నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను. రోనా రాయదు, నేను రాస్తాను. కోపమొస్తే నా మీద తెచ్చుకో.” నీతో వాడు రోజూ ఒకే కప్పు కింద బతకాలి. నేను ఆ చివరెక్కడో ఉండేదాన్ని, ఏడాది పాటు పలకరించకపోయినా నాకేం కాదు. చిన్నప్పట్నుంచీ వాడి అలకలు నాకు అలవాటే.

వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాలాసేపు రొట్టెముక్క తుంచుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, కిర్‌స్టిన్‌ని పిలిచి సోమవారం నుంచి తను కారు తియ్యడం లేదని చెప్పాడు. ఎందుకో కూడా నా ఎదుటే చెప్పాడు. ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది. కారు ఆఫీసు దగ్గరే ఉంటుంది, ఎవరినైనా పంపి తెప్పించుకోండి. ఇక్కడి ఆసుపత్రిలో నాతో పనిచేసినావిడ ఒకరున్నారు, రేపు పొద్దున డాక్టరుకి చూపిస్తానన్నారు. ఈ రాత్రికి ఆవిడ ఇంట్లోనే పడుకుంటాడు. పనిమీద ఆగిపోయానని వాడు నీకు మెసేజ్ పెట్టింది అందుకే. డాక్టరు చూశాక లైసెన్సు వాడే తిప్పి పంపిస్తానన్నాడు. రేపు సాయంత్రం రైల్లో ఇంటికొస్తాడు. నేను ఇప్పుడు మీ స్టేషన్ మీదుగానే పోతున్నాను కానీ దిగను. మొదట మీరిద్దరూ మాట్లాడుకోవాలి. ఈ ఉత్తరం ఇన్వర్నెస్‌లో దిగగానే రాత్రి టపాకి వేస్తాను, వాడి కంటే ముందే నీకు అందాలి.

జరిగింది ఎలాగూ వాడే చెప్తాడు. వాడు చెప్పలేనిది ఒకటుంది, దానికోసమే రాస్తున్నాను. వాడికి ఇది ఎండాకాలం నుంచీ తెలుసు. ఒకసారి దారిలో బ్లెయిర్ ఆథల్ ఊరు ఎప్పుడు దాటాడో గుర్తే లేదట. కారు పక్కకి ఆపి గడ్డిలో కూర్చున్నాడట. ఆ రోజు నుంచీ నీకు చెప్పాలని చూస్తున్నాడు, నోరు రావడం లేదు. మరి ఆ వారంటీ గోల ఏమిట్రా, కారు నడపలేనని తెలిసీ రెండేళ్ళకి పూచీ దేనికి అని అడిగాను. అప్పుడు ఏడ్చాడు రోనా. నాన్న పోయినప్పుడు కూడా వాడి కంట్లో నీళ్ళు చూడలేదు నేను.

“వద్దంటుందేమోనని అడిగానక్కా. ఇంక ఆ కారు నీకెందుకు అని ఒక్కసారి అంటే, మిగతాది చెప్పేద్దామనుకున్నాను. తను ప్రతిసారీ తీసుకో అంది.”

నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయలేదు. వాడి మనసు కుదుటపడాలనే నువ్వు ఆ మాట అన్నావు, నీకేం తెలుసు? ఆదివారం అలా జరిగాక కూడా నువ్వు భయంతో తీసుకో అన్నావు, వాడు భయంతో మళ్ళీ అడిగాడు. ఇద్దరూ ఒకరికొకరు నొప్పి తగలకుండా చూసుకుంటూ ఇంతదాకా తెచ్చుకున్నారు.

రేపు వచ్చాక కూడా వాడు వేరే మాటతో మొదలుపెట్టలేడు. కోటు విప్పి కూర్చుని, వారంటీ తీసుకుందామంటావా అనే అడుగుతాడు. ఈసారి వద్దని చెప్పు.

నీ వదిన
ఎఫీ