కొలిమి నలుపు

కోడుమూరు,
3-5-1955

చిరంజీవి తిమ్మన్నకు మామ మద్దయ్య దీవించి రాసేది. నేను, మీ అత్త మహాదేవమ్మ బాగుండాము. కల్లూరులో నీ కొలిమి బాగా నడుస్తాందని విని సంతోషపడినాను.

నాకొక పట్టకారు, ఒక చేతి సుత్తె చేసి పంపు. రెండింటినీ సాన పట్టి, కొలిమి నలుపు ఎక్కడా లేకుండా వెండి చెంచా మాదిరి మెరిసేటట్టు చెయ్యి. ఏరువాకకు ముందు రైతులందరూ నాగలి కర్రులు సాగగొట్టించుకోను వస్తారు. అంతలోపల నాకు అందాలి.

ఇట్లు,
నీ మేలు కోరే మద్దయ్య

తా.క. నువ్వు రావాల్సిన పని లేదు. బస్సు డ్రైవరు చేతికిస్తే చాలు.

—

కల్లూరు,
9-5-1955

మామకు తిమ్మన్న నమస్కారం.

నీ ఉత్తరం చూసి ముందు భయపడినా, తర్వాత నవ్వుకున్నా. నాకు పని నేర్పిన మనిషి నాతో పట్టకారు చేయించుకుంటాడా? అదీ మెరిసేదా? నీ దగ్గర తిత్తి ఊదే రోజుల్లో నేను ముచ్చటపడి ఒక పట్టకారును ఆకురాయితో తెల్లగా రుద్దితే, "ఇనుముకు చర్మం ఒలిచినావు కదరా" అని వీధిలోకి విసిరేసినావు. ఆ నలుపుంటేనే తుప్పు పట్టదని, చేతిలో జారదని, నునుపు చేసేవాడు ఏదో పగులు దాచుకుంటాడని చెప్పినావు. అవన్నీ మరిచిపోతానా? నాకు పరీక్ష పెట్టినావని అర్థమైంది.

నల్లగానే చేసి, ఆముదం పూసి పంపుతాండా.

ఇట్లు,
నీ శిష్యుడు తిమ్మన్న

తా.క. పాసయినట్టు ఒక ముక్క రాయమని నా భార్య మల్లక్క అడుగుతాంది. వాళ్ళ నాయనకు చూపించాల్నంట.

—

కోడుమూరు,
14-5-1955

తిమ్మన్నకు. దీవెనలు తర్వాత.

పరీక్షలు పెట్టను నేనేమన్నా హైస్కూలు అయ్యవారినా? తెల్లగా అంటే తెల్లగానే. మీ కర్నూలు రాజధాని అయినాక ఆడ అన్నీ మెరుస్తాండాయంట. మా ఊర్లో ఒక్క పట్టకారు మెరిస్తే నీకేం నష్టం? వచ్చిన బస్సులోనే రెండూ వాపసు పంపినాను.

ఇట్లు,
మద్దయ్య

తా.క. ఆముదం శానా పూసినావు. డ్రైవరు తన ఖాకీ నిక్కరు పాడయిందని మీ అత్తతో కొట్లాడి పోయినాడు.

—

కల్లూరు,
19-5-1955

పూజ్యులైన మామకు భయభక్తులతో తిమ్మన్న రాసేది.

ఈసారి అక్షరాలు శనగగింజలంత రాసినావు. కోపం ఎంత పెద్దదో తెలిసింది. అయినా నేను కదల్లేదు. గురువు ఎంత తిట్టినా నేర్చుకున్నది వదలకపోవడమే అసలు పరీక్ష అని మల్లక్క కూడా అంటాంది. సుత్తె మొహం మాత్రం సాన పట్టినా. అది నువ్వూ ఒప్పుకునేదే, మొహం నునుపు లేకపోతే ఇనుము మీద గాట్లు పడతాయి. పట్టకారును మునుపటికన్నా నల్లగా కాల్చి పంపుతాండా.

ఇదంతా ఎందుకో కూడా కనుక్కున్నాను మామా. నీకు కొడుకులు లేరు. ఇనుము పెట్టి కొట్టే మీ తాత నాటి దాగలి నాకే ఇవ్వాలని చూస్తాండావు.

ఇట్లు,
రెండోసారి పాసయిన తిమ్మన్న

తా.క. దాగలి నిలబెట్టను చింతమొద్దు తెచ్చి పాతినా. మల్లక్క దానికి పసుపు కూడా పూసింది.

—

కోడుమూరు,
23-5-1955

నాయనా తిమ్మన్నా,

ఇది నీ ఒక్కనికే. మల్లక్కకు కూడా చదివి వినిపించొద్దు.

పరీక్ష లేదు, దాగలీ లేదు. నాకు చూపు తగ్గింది. ఎండలో కూర్చుంటే చదువుతాను, రాస్తాను. కొలిమి చీకట్లోకి పోతే బొగ్గుల మధ్య నల్ల పట్టకారు యాడుండాదో తెలియదు. తడుముకునే లోపల కర్రు మాడిపోతాంది. మొన్న రైతు హనుమన్న ముందరే, పట్టకారు అనుకొని ఆయన గొడ్లు తోలే కట్టెను కొలిమిలో పెట్టినా. కొన కాలి వాసన వచ్చినాకే తెలిసింది. తమాషా చేసినాననుకొని ఆయన నవ్వినాడు. నేనూ నవ్వి, ఇంట్లోకి పోయి ఏడ్చినా.

మెరిసే పట్టకారయితే మంట వెలుగుకు కనపడతాదని నా ఆశ. సంగతి బయటపడితే రైతులు గూడూరు కమ్మరి దగ్గరికి పోతారు, మా నాయన రాజేసిన కొలిమి ఆరిపోతాది. మీ అత్తకు కూడా చెప్పలేదు.

నేను నీకు నేర్పింది తప్పు కాదు. ఆ నలుపు కండ్లుండే వానికి మంచిది.

పట్టకారును మళ్ళీ బస్సులో వాపసు పంపినా. దాన్ని తెల్లగా రుద్ది ఈసారి నువ్వే తీసుకొని రా. ఏరువాక దాకా నా పక్కనే ఉండు.

ఇట్లు,
మీ మామ

తా.క. ఎందుకొచ్చినావని రైతులు అడుగుతారు. నేర్చుకున్నది చాల్లేదని మామ మళ్ళీ పిలిపించినాడని చెప్పు.