వల తీసేశాను

సామ్రాజ్యం,

బట్టలు తీసుకెళ్ళటానికి ఇవాళ వస్తావని మీ తమ్ముడు ఫోన్ చేశాడు. నేను లేనప్పుడే వస్తావంట. అందుకే గుడివాడ వెళ్తున్నాను. పాలు కాచి పెట్టాను, తాగు. ఒకసారి చేను వైపు వెళ్ళి చూడు.

చేపల చెరువు మీద కట్టే వల తెచ్చి జొన్న మీద కప్పటం నా తప్పే. పిచ్చుకలు కాళ్ళు చిక్కుకుని చస్తాయనుకోలేదు. నువ్వు కత్తెరతో ఒక్కోదాన్నీ విడిపిస్తుంటే "మొగుడి మీద లేని జాలి పిట్టల మీదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నువ్వు కూడా మూడు వారాలు ఫోన్ ఎత్తకుండా ఉండాల్సింది కాదు.

ఆ వల తీసేశాను. నువ్వు మొదట్నుంచీ చెప్పిన మెరుపు రిబ్బన్లే మెలిపెట్టి కట్టాను. గాలికి రివ్వుమంటుంటే పిట్టలు చాలావరకు వాలట్లేదు. గట్టు పక్క సాళ్ళలో కొన్ని తింటున్నాయి, తిననీ.

చెప్పటం మరిచాను. వసారాలో నువ్వు కట్టిన వరి కంకుల కుచ్చు పిచ్చుకలు ఖాళీ చేశాయి. నేను అల్లితే ఊడిపోయింది. కంకులు తడిపి అరుగు మీద పెట్టాను. నువ్వు అల్లటం మొదలుపెడితే సాయంత్రం దాకా లేవవు. నేను నాలుగింటికల్లా వచ్చేస్తాను.