ఆముదం పట్టలేదమ్మా

బోరబండ, అక్టోబరు 2011

అమ్మకు శ్రావణి దండాలు.

పాపకు వారంగా విరేచనం కాలేదని తమ్ముడు చెబితే బెంగపడ్డావట, ఆముదం పట్టమన్నావట. నీకు ఫోన్‌లో సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. పాప బాగుంది.

తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మెతో బస్సులు లేవు. మీ అల్లుడు హైటెక్ సిటీలో కారు డ్యూటీకి పోతే నేనే పాపనెత్తుకుని దవాఖానకు నడిచాను. డాక్టరమ్మ పొట్ట తడిమి, “మెత్తగనే ఉంది, పాలు మంచిగ తాగుతుంది, ఫికర్ వద్దు. తల్లిపాల పిల్లలకు ఉగ్గు మొదలువెడితే గిట్లయితది. ఆముదం పట్టకు, బొప్పాయి పండు మెదిపి పెట్టు. పొట్ట ఉబ్బినా, వాంతులయినా జల్ది తీసుకరా” అంది.

తిరిగి వస్తుంటే సమ్మెవాళ్లు రోడ్డు మీదే వంట చేస్తున్నారు. అలసి అక్కడ కూర్చుంటే ఒక పెద్దమ్మ పాపను ఒళ్లోకి తీసుకుంది. ఆమె గులాబీ చీర మీదే వారం రోజులదీ ఒక్కసారే అయింది, మెత్తగా. నేను సిగ్గుతో తుడుస్తుంటే ఆమె నవ్వి, “నీ బిడ్డ సమ్మె ఇడిసింది గని, మేం ఇడువం” అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నాయన మోకాలి నొప్పి తగ్గిందా? బస్సులు తిరిగాక రాగిపిండి పంపు. అత్తమ్మ ఇంకా ఆముదం అంటూనే ఉంది, వద్దని నువ్వే ఒక ముక్క రాయి, నీ మాటైతే వింటుంది. తమ్ముడికి దీవెనలు.

నీ మనుమరాలు హాయిగా నిద్రపోతోంది. నువ్వూ నిద్రపో.