సార్ ఇంట్లో నీలం రాళ్లు

మంగళవారం రాత్రి, హాస్టల్

ఇవాళ కూడా థీసిస్ మీద సంతకం కాలేదు. సంతకం కోసం వెళ్తే, మా గైడ్ గారు నన్ను ల్యాబ్ నుంచి నేరుగా తార్నాకలోని తన ఇంటికి తీసుకుపోయారు. కొత్త అక్వేరియం సర్దాలట!

పైన ఈదే రంగు చేపలతో పాటు చిన్న క్యాట్‌ఫిష్‌లు ఆరు తెచ్చారు. అవి మీసాలతో అడుగున ఇసుక తడుముకుంటూ తిండి వెతుక్కుంటాయి. ఈయన అడుగున పోయమన్నది గాజుపెంకుల్లాంటి నీలం రాళ్లు. సోఫాకు మ్యాచింగ్ అట.

"మీసాలు కోసుకపోతయి సార్. సన్న ఇసుక పోద్దాం" అన్నాను.

"ఏం గాదమ్మా. పై చేపలు తినంగ మిగిలింది తిని బతుకుతయి అవి. వాటికి వేరే మేత గూడ అక్కర్లేదు."

నిన్న క్లాసులో ఈ మీసాల గురించే గంటసేపు ఊదరగొట్టిన జువాలజీ ప్రొఫెసర్ ఈయనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. నేను మాత్రం ఏం చేశాను? "సరే సార్" అని రాళ్లు కడిగి పోశాను.

బయల్దేరుతుంటే ఆంటీ, మధ్యాహ్నం చుట్టాలు తినగా మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టిచ్చారు. "హాస్టల్ల తిను బిడ్డా."

ఇప్పుడే తిన్నాను. బాగుంది కూడా. ఛీ.