ఇంటి యజమాని ఫోన్ నంబరు

కరీంనగర్,
11 నవంబర్ 2025.

మిత్రుడు వంశీధర్‌రావుకు,

కరుణాకర్ నమస్కారాలు. నేనూ, నా బీపీ మాత్రలూ ఇక్కడ క్షేమం. చెన్నూరులో నువ్వూ, నీ సూపర్ మార్కెటూ క్షేమంగానే ఉండి ఉంటారు. మర్యాద అయిపోయింది కనుక విషయానికి వస్తాను.

మీ కిరాణా వ్యాపారుల సంఘం సావనీరుకు వ్యాసం రాయమన్నావు. "కస్టమర్ కార్డు పెట్టే ముందు దుకాణదారు ఏమేం ఆలోచించాలి" అని అంశం కూడా నువ్వే ఇచ్చావు. నాలుగు పేజీలు, మధ్యలో కాస్త నవ్వు, చివర్లో ఆసిఫాబాద్‌లో నువ్వు తెరవబోయే రెండో దుకాణం ముచ్చట. సెప్టెంబర్‌లో మనిద్దరం ఫోన్లో అరుచుకున్న సంగతి మాత్రం నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఏమీ జరగనట్టే రాశావు. నీకు ఏమీ జరగలేదు కూడా.

నా మేనకోడలు ప్రవళికకు జరిగింది. నువ్వు పూర్తిగా వినకుండా ఫోన్ పెట్టేశావు కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

ప్రవళిక మగడు కుమార్ మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. పోయి రెండేళ్లు దాటింది. బిడ్డ బడి కోసం ఈ పిల్ల అత్తగారి ఊరు విడిచి చెన్నూరులో రెండు గదులు కిరాయికి తీసుకుంది. మా కొమురెల్లి బావ, అంటే దాని తండ్రి, వాంకిడి దిక్కు పల్లెలో ఒంటరిగా ఉండేవాడు. మా అక్క పోయి ఏడేళ్లు. మొన్న మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవదు, మాట సగమే వస్తుంది. ప్రవళిక పోయి తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడట. "బిడ్డ ఇంట్ల పడి తింటుండని ఎవ్వలకు తెల్వద్దు. అల్లునికి గూడ చెప్పద్దు. చెప్తే నేను బతుక." మా దిక్కు ముసలివాళ్ల సంగతి నీకు తెలుసు. కొడుకింట్లో ఎన్ని మాటలైనా పడతారు, బిడ్డ ఇంట్లో నీళ్లు తాగడానికే జంకుతారు. అది మూర్ఖత్వమని నేను ఎన్నో వేదికల మీద మాట్లాడాను. బావకు నా వేదికలతో పని లేదు. ప్రవళిక తండ్రి చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. నాకు కూడా చెప్పలేదు.

బావ ఎన్ని కష్టాల్లో ఉన్నా పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకునేవాడు. చెయ్యి పడిపోయాక ఆ పని బిడ్డ చేసేది. దానికి రేజర్లు కావాలి. గల్లీ చివరి దుకాణంలో కొంటే ఆ దుకాణదారుది అత్తగారి ఊరే. "పెద్ద దుకాణంల ఎవ్వలు ఏం కొన్నా ఎవ్వలడగరు అనుకున్న మామా" అన్నది నాతో తర్వాత. నీ దుకాణానికి వచ్చింది అందుకే. తగ్గింపు కోసం కాదు, పాయింట్ల కోసం కాదు. ఎవరూ తన సంచిలోకి తొంగి చూడరని వచ్చింది.

మొదటిరోజే కౌంటర్ దగ్గర నీ "మనింటి కార్డు" ఫారం ఇచ్చారు. అందులో రెండో గీత గుర్తుందా? "ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు." దాన్ని చదివి ఆ పిల్ల ఏం రాస్తుంది? మా పల్లెల్లో ఏ ఆడది ఏం రాస్తుంది? కుమార్ పేరు, కుమార్ నంబరు. రేషన్ కార్డు దగ్గర, గ్యాస్ బుకింగ్ దగ్గర, బడిలో చేర్పించే దగ్గర చేయి అదే రాయడానికి అలవాటు పడింది. మగడు సముద్రం అవతల ఉన్నా కాగితం మీద ఇంట్లోనే ఉంటాడు.

ప్రతి బిల్లూ వాట్సాప్‌లో ఆ నంబరుకు పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేతికి కాగితం బిల్లు ఇచ్చారు, అంతే అనుకుంది. కుమార్ కూడా ఐదు నెలలు వాటిని తెరవలేదు. నీ కంప్యూటర్ మాత్రం తెరిచి చదివింది. సెప్టెంబర్‌లో అతనికి ఒక సందేశం పంపింది. "కుమార్ గారూ, మీరు తరచుగా కొనే రేజర్లపై ఈ వారం ప్రత్యేక తగ్గింపు."

అతను నవ్వుకుని గదిలో అందరికీ చూపించాడట. ఆ గదిలో ఎనిమిది మంది. అందులో ఒకడు అన్నాడు. "ఏం కుమారన్నా, నువ్వు గీడ గడ్డం పెంచుతున్నవ్, గాడ ఎవలదో గీస్తున్నరా?" అందరూ నవ్వారు. కుమార్ నవ్వలేదు. వెనక్కి జరుపుకుంటూ పాత బిల్లులన్నీ చదివాడు. ఏప్రిల్‌లో రేజర్లు. మేలో రేజర్లు, షేవింగ్ క్రీమ్. ప్రతి నెలా.

ఫోన్ చేసి అడిగాడు. ప్రవళిక తండ్రికిచ్చిన మాట తలుచుకుని "పక్కింటోళ్లు తెమ్మన్నరు" అన్నది. ఐదు నెలలు వరుసగానా అన్నాడు. అది నోరు మెదపలేదు. ఆ మౌనానికి అతను తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు.

పెత్రమాస అమావాస్య మరునాడు పొద్దున, కుమార్ చెప్పగా, ప్రవళిక అత్త బాలవ్వ, పెద్దకొడుకును వెంటబెట్టుకుని ఆటోలో దిగింది. తలుపు తోసుకుని లోపలికి పోయారు. లోపల మంచం మీద మా బావ. మెడ చుట్టూ తువ్వాల, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప మీద నురగ. ప్రవళిక చేతిలో రేజర్.

బాలవ్వ చెడ్డ మనిషి కాదు. "అన్నా, నువ్వా" అని అక్కడే కూలబడిందట. "మాకు చెప్తే కాదంటుంటిమా" అని ఏడ్చిందట. బావ ఆమెను చూడలేదు. బిడ్డ వైపు తిరిగి ఒక్క మాట, వంకర పోతున్న మాట, అన్నాడు. "సంచి సదురు." రెండో చెంప గీయనివ్వలేదు. ఆ సగం గడ్డంతోనే, ఆ నురగ తువ్వాలతో తుడుచుకుని, వాళ్లు వచ్చిన ఆటోలోనే బస్టాండుకు పోయాడు. ఇప్పుడు వాంకిడి దిక్కు ఆ ఇంట్లో ఉన్నాడు. పక్కింటి పోశవ్వ ఇంత గంజి పోస్తే తాగుతాడు. గడ్డం ముట్టనివ్వడు. బిడ్డ పోతే మొహం గోడకు తిప్పుకుంటాడు. నేను పోతే నాకూ అదే మర్యాద.

కుమార్ ఫోన్ చేసి తప్పయిందన్నాడు. "గా ముచ్చట ముందే చెప్తే అయిపోవు గదా" అని కూడా అన్నాడు. ప్రవళిక అతనితో బిడ్డ బడి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. ఈసారి బతుకమ్మ కూడా పేర్చలేదు.

ఇదంతా చెబుదామని నీకు ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "కంప్యూటర్ పంపింది రా, నేను పంపిన్ననా? గంత మందిల ఒక్కరికి ఇట్లయింది, దానికి దుకాణం మూసుకోవాల్నా?" కాలేజీ రోజుల్లో నువ్వూ నేనూ కలిసి గోడల మీద నినాదాలు రాసేవాళ్లం. ఒక్కరికి అన్యాయం జరిగినా అందరికీ జరిగినట్టే అని ఆ రోజుల్లో నువ్వే గొంతు చించుకునేవాడివి. ఇప్పుడు ఒక్కరంటే నీకు చిల్లర.

సరే, నీ వ్యాసం. కార్డు పెట్టే ముందు ఏం ఆలోచించాలి? ఎన్ని పాయింట్లు ఇవ్వాలి, ఎన్నాళ్లలో చెల్లకుండా పోవాలి, కందిపప్పు మీద ముందే కాస్త పెంచి తర్వాత ఎంత తగ్గించాలి అని కాదు. అవి నీకు నాకన్నా బాగా వచ్చు. నీ దుకాణానికి వచ్చేది ఎవరో ముందు చూడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో ఉన్న నంబర్లు మగవాళ్లవి. నువ్వు కూడబెట్టిన ముచ్చట్లు ఎవరి చెవిలో పడతాయో తెలియకుండా ఒక్కటి కూడా కూడబెట్టకు. ఒక మనిషి ఏం కొంటున్నాడో తెలియడమంటే వాళ్లింటి తలుపు తాళంచెవి నీ జేబులో ఉన్నట్టే. ఆ తాళంచెవిని నువ్వు కంప్యూటర్‌కు ఇచ్చావు. అది గంప నిండా తాళంచెవులు మోసుకుంటూ పొద్దున్నే ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఇది నీకు తెలియనిదా? మీ అమ్మ జానకీబాయి ముప్ఫై ఏళ్లు అదే చెన్నూరులో కిరాణా నడిపింది. గుడి పంతులుగారి కోడలు వారం వారం కోడిగుడ్లు కొనేది. మీ అమ్మ పాత పేపర్లో రెండు చుట్లు చుట్టి, పైన కరివేపాకు పెట్టి ఇచ్చేది. ఎవరికమ్మా అవి అని మనిద్దరం నవ్వితే, "నా కండ్లు తక్కెడ మీదుంటయి గని సంచీల మీద ఉండయి, మీరు బయటికి నడువుండ్రి" అన్నది. ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఆమె ఏ కార్డూ ఇవ్వలేదు. చూసింది మరిచిపోయేది, అంతే. నువ్వు ఆమె దుకాణం తీసుకున్నావు, ఆ మరుపు తీసుకోలేదు.

ఆ ఫారం భాష దిద్దింది నేనే, ఒప్పుకుంటాను. నీ బిడ్డ దీక్షిత పంపితే స్నేహం కొద్దీ అచ్చుతప్పులు దిద్ది ఇచ్చాను. కానీ "ఇంటి యజమాని" అనే ఆ గీత రాసిన బుద్ధి ఏదో, దానికి నువ్వు జవాబు చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఆ బుద్ధి మీదే నేను రాస్తున్నాను. అది నీ ఇంట్లోనే, నీ కౌంటర్ మీదే కూర్చుని ఉంది.

వ్యాసం ఇదే. వేస్తావో, చించేస్తావో నీ ఇష్టం.

ఒకప్పటి నీ మిత్రుడు,
కరుణాకర్

తా.క. ఆ ఫారాన్ని సాక్ష్యంగా ఈ ఉత్తరానికి జతచేద్దామని బీరువా అంతా వెతికాను. అచ్చయిన ఫారం దొరకలేదు. మార్చిలో దీక్షిత దిద్దమని పంపిన మొదటి ప్రతి దొరికింది. అందులో ఆ పిల్ల రెండో గీత ఇలా రాసింది: "సరుకులు కొనేవారి పేరు, వారి ఫోన్ నంబరు." దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "ఇంటి యజమాని" అని రాసి ఉంది. పక్కన "ఇలా ఉంటే హుందాగా ఉంటుంది" అని కూడా ఉంది. చేతిరాత నాది. అలా దిద్దినట్టు నాకు గుర్తే లేదు. అది తప్పని తోచి ఉంటే కదా గుర్తుండటానికి.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. సావనీరులో వేస్తే ఈ ముక్కతో సహా వెయ్యి. ఆసిఫాబాద్‌లో దీక్షిత రాసిన గీతే పెట్టు, బిల్లులు ఎవరి ఫోనుకూ పంపకు. ఆదివారం నేను చెన్నూరు వస్తున్నాను, నీ దగ్గరికి కాదు. ప్రవళికకు నేనే చెప్పాలి. చెప్పాక కూర్చోమంటుందో లేదో తెలియదు.