జప్తు చేసిన తలంబ్రాల కంప

నక్కలమిట్ట రేంజి అటవీ అధికారి గారి సముఖమునకు, పూతలపట్టు కూడలిలో సైకిలు షాపు నడుపుకొను గంగాధరం వ్రాసుకొన్న అర్జీ. అక్టోబరు 1983.

అయ్యా,

విషయం: పాలగుట్టపై తలంబ్రాల కంప పెరికినందుకు మాపై పెట్టిన కేసు ఎత్తివేసి, మా గడ్డపారలు తిరిగి ఇప్పించుట గురించి.

1. పాలగుట్ట వాలులో చీపురు గడ్డి కోసి, కట్టలు కట్టి తిరుపతి సత్రాలకు అమ్ముకొనుట మా ఊరి ఆడవాళ్ళకు జీవనాధారము. కొన్నేళ్ళుగా ఆ వాలునంతా, తమ కాగితాలలో లాంటానా అని వ్రాసే తలంబ్రాల కంప కమ్ముకొన్నది. పూలు చూడముచ్చటగానే ఉండును. దాని కింద గడ్డిపోచ మొలవదు, మేసిన పశువుకు జబ్బు చేయును. "గుట్టకు పోతే చీర చినగడమే గానీ చీపురు దొరకడంల్యా" అని చెంగమ్మ నా షాపు ముందర కూర్చొని ఏడ్చినందున, కొందరం కూడి ఆదివారాలు కంప తీయ మొదలుపెట్టినాము. కూలి ఎవరూ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

2. మొదటి ఏడు తెలియక పైపైన నరికినాము. వానలకు రెట్టింపు చిగిర్చినది. అందుచేత ఈ వేసవిలో గడ్డపారలతో వేళ్ళు తవ్వి, బండలమీద తలకిందులుగా ఎండబెట్టినాము. సగం వాలు శుభ్రమై గడ్డి తల ఎత్తినది.

3. అప్పుడు తమ గార్డు ధనంజయ వచ్చి, అనుమతి లేక రిజర్వు అడవిలో మొక్కలు పెరికినారని కేసు వ్రాసినాడు. మా గడ్డపారలను, సాక్ష్యం నిమిత్తం అప్పుడే తవ్విన పచ్చి కంపను బండికెత్తించి తమ ఆఫీసు వెనక వేయించినాడు. "మట్టిలో ఎయ్యొద్దప్పా, బతుకుతాది" అని చెప్పినాము. ముద్దాయిలు సలహాలు ఇవ్వకూడదని జవాబు వచ్చినది.

4. వానలు పడినవి. సాక్ష్యం చిగిర్చినది. మొన్న ధనంజయ యూనిఫారం లేకుండా నా షాపుకు వచ్చి, "అన్నా, దొర కిటికీ తెరిసేదానికి కాలేదు. ఒక పూట వచ్చి పీకిపోరాదా" అన్నాడు. మా గడ్డపారలు యాడుండాయని అడిగితే, "ఆ కంప కిందనే ఉండాయి" అన్నాడు. జప్తు సొత్తు ముట్టుకొంటే ఇంకొక కేసు అగునని మేము పోలేదు.

అయ్యా, నాకు కోపంగా ఉన్నది. ఇంకా ఆలస్యమైతే గుట్టమీద మిగిలిన కంప కాయలు రాల్చును, మేము పడిన పాట్లన్నీ మట్టిపాలగును, చెంగమ్మకు ఈ ఏడు కూడా చీపురు దొరకదు. మేము జరిమానా కట్టము. తప్పయిందని వ్రాసి ఇవ్వము. కేసు ఎత్తివేసిన కాగితం చేతికిస్తే ఆదివారం తమ ఆఫీసు వెనకకు వస్తాము. లేదంటే నేరుగా గుట్టకే పోతాము. ఈ సంగతి తమరు చిత్తగించవలెను.

గుట్ట విషయంలో తప్ప తమ విధేయుడు,
గంగాధరం

తా.క.: ఈ ఆదివారానికి వేరే గడ్డపారలు అరువు తెచ్చుకొన్నాము. అందులో ఒకటి ధనంజయ ఇంటిదే. వాళ్ళమ్మ వరదమ్మ గారు తెచ్చి ఇచ్చినారు, ఆదివారం తానూ వస్తానన్నారు. ఈసారి వ్రాసే కేసులో ఆమె ఇంటిపేరు తప్పు లేకుండా వ్రాయమని గార్డుకు చెప్పవలెను.